నూనె మారితే సోడా లెక్క మారాలి

ఇంట్లో సబ్బు చేయడం నేర్చుకున్న ప్రతివాళ్లకూ రెండో విడతకో మూడో విడతకో ఒక కోరిక పుడుతుంది, ఈసారి కాస్త మార్చి చూద్దామని. కొబ్బరి నూనె ధర మండిపోతోంది కదా, బదులుగా నువ్వుల నూనె పోస్తే పోలా? పుస్తకంలో ఆలివ్ నూనె అన్నారు, ఇంట్లో పల్లీ నూనె ఉంది, అది చాలదా? కాస్త పసుపు, రెండు చెంచాల తేనె, గ్లాసెడు పాలు పడితే ఒంటికి ఇంకా మంచిది కాదా?

ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. సొంతంగా చేసుకోవడంలో ఉన్న సుఖమంతా మన ఒంటికి, మన ఊరి నీళ్లకు, మన చేతిలో ఉన్న డబ్బుకు తగ్గట్టు మార్చుకోవడంలోనే ఉంది. అయితే కూరలో పల్లీ నూనెకు బదులు పొద్దుతిరుగుడు నూనె పోస్తే రుచి కాస్త మారుతుందంతే, కూర కూరగానే ఉంటుంది. సబ్బులో అలా పోస్తే చర్మాన్ని మండించే ముద్ద తయారు కావచ్చు, లేదా కొన్నాళ్లకే కనరు వాసన కొట్టే జిడ్డుముద్ద తయారు కావచ్చు. ఎక్కడ ధైర్యంగా మార్చుకోవచ్చో, ఎక్కడ లెక్క వేయకుండా చెయ్యి పెట్టకూడదో తెలిస్తే ఈ పని భయపడాల్సింది కాదు.

సబ్బు ఎలా పుడుతుంది

ఏ వంట నూనె అయినా ప్రధానంగా ఒకే కట్టడం. ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. కాస్టిక్ సోడా ఆ అతుకును విడగొడుతుంది. విడివడిన కొవ్వు ఆమ్లం సోడాలోని సోడియంతో కలిసి సబ్బు అవుతుంది, గ్లిజరిన్ వేరై సబ్బులోనే ఉండిపోతుంది. కొవ్వుల లోపలి ఈ నిర్మాణాన్ని ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ షెవ్రెల్ 1823లో అచ్చువేసిన గ్రంథంలో వివరించాడు. అప్పటికి ఎన్నో వందల ఏళ్లుగా జనం సబ్బు వండుతూనే ఉన్నారు, లోపల ఏం జరుగుతోందో మాత్రం అప్పుడే తేలింది.

ఇందులో మనకు కావలసిన సంగతి ఒక్కటి. ప్రతి కొవ్వు ఆమ్లానికీ సోడా నుంచి ఒక వంతు కావాలి. కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాలు చిన్నవి, తేలికైనవి. కాబట్టి ఒక కిలో కొబ్బరి నూనెలో అవి ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, ఎక్కువ సోడా తీసుకుంటాయి. నువ్వులు, పల్లీ, పొద్దుతిరుగుడు నూనెల్లోవి పొడవైనవి, బరువైనవి. అదే కిలోలో వాటి సంఖ్య తక్కువ, సోడా అవసరమూ తక్కువే. ఆముదానికి ఇంకా తక్కువ. నూనె మార్చినప్పుడు సోడా లెక్క ఎందుకు మారాలి అన్నదానికి సమాధానం ఇదే.

ఒక్కో నూనెకు ఒక్కో అంకె

ఒక గ్రాము నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి ఎన్ని గ్రాముల కాస్టిక్ సోడా కావాలో చెప్పే అంకెను సాప్ వాల్యూ అంటారు. మన ఇళ్లలో వాడే నూనెలకు ఆ అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి:

కొబ్బరి నూనె – 0.183
పామాయిల్, పామోలిన్ – 0.141
వేప నూనె – 0.137
వేరుశనగ నూనె – 0.136
ఆలివ్ నూనె – 0.135
పొద్దుతిరుగుడు నూనె – 0.135
నువ్వుల నూనె – 0.134
తవుడు నూనె – 0.133
ఆముదం – 0.128

కొన్ని పుస్తకాల్లో కొబ్బరి నూనెకు 257 అనో, ఆముదానికి 180 అనో కనిపిస్తుంది. అది పొటాషియం హైడ్రాక్సైడ్ లెక్క, అదీ మిల్లీగ్రాముల్లో. దాన్ని 1000తో, తర్వాత 1.403తో భాగిస్తే మన గట్టి సబ్బుకు కావలసిన కాస్టిక్ సోడా అంకె వస్తుంది. ఈ రెండిటినీ కలగాపులగం చేస్తే సోడా దాదాపు ఒకటిన్నర రెట్లు పడిపోతుంది. అందుకని ఏ పట్టిక చూసినా అది కాస్టిక్ సోడాకు రాసిందో, పొటాషియం హైడ్రాక్సైడ్‌కు రాసిందో ముందు చూసుకోవాలి.

జాబితాను ఇంకొకసారి చూడండి. కొబ్బరి ఒక్కటే మిగతావాటికి చాలా దూరంగా ఉంది. పామాయిల్ నుంచి తవుడు నూనె దాకా అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. కొబ్బరిని తగ్గించినా పెంచినా సోడా గట్టిగా మారుతుంది. పల్లీ, నువ్వులు, తవుడు నూనెలను ఒకదానికి బదులు ఒకటి వాడితే తేడా కిలోకు ఒకటి నుంచి మూడు గ్రాములే. అయినా లెక్క వేయడం మానకూడదు. ఆ రెండు నిమిషాల పనికి బద్ధకిస్తే పెద్ద మార్పు చేసే రోజున కూడా అదే బద్ధకం వస్తుంది.

కాగితం మీద ఒక లెక్క

వెయ్యి గ్రాముల నూనెలతో ఒక సాధారణ సబ్బు అనుకుందాం. కొబ్బరి నూనె 300 గ్రాములు, పామోలిన్ 350, వేరుశనగ నూనె 250, ఆముదం 100.

కొబ్బరికి 300ను 0.183తో గుణిస్తే 54.9. పామోలిన్‌కు 350ను 0.141తో గుణిస్తే 49.35. వేరుశనగకు 34. ఆముదానికి 12.8. అన్నీ కూడితే 151.05 గ్రాములు. మొత్తం నూనె సబ్బుగా మారాలంటే ఇంత సోడా కావాలి.

అంతా వేయం. నూటికి ఐదు వంతులు తగ్గించి 143.5 గ్రాములే వేస్తాం. ఇలా తగ్గించడం వల్ల సబ్బుగా మారకుండా మిగిలిపోయే నూనెను సూపర్‌ఫ్యాట్ అంటారు. అది చర్మానికి కాస్త మెత్తదనం ఇస్తుంది. అంతకన్నా ముఖ్యంగా అది మన భద్రత. నూనె గింజ పండిన నేలను బట్టి, పంటను బట్టి సాప్ వాల్యూ అటూ ఇటూ జరుగుతుంది. కాటాలోనూ ఒక గ్రాము తేడా రావచ్చు. ఈ తేడాలన్నీ ఆ ఐదు శాతంలో ఇమిడిపోతాయి. నీళ్లు సోడాకు రెట్టింపు, అంటే 287 గ్రాములు.

ఇప్పుడు ఇందులో 300 గ్రాముల కొబ్బరి నూనె తీసేసి, అంతే నువ్వుల నూనె పోశామనుకోండి. సోడా మాత్రం పాత లెక్కే, 143.5 గ్రాములు. కొత్త మిశ్రమానికి పూర్తిగా కావలసింది 136.35 గ్రాములే. అంటే ఏడు గ్రాములకు పైగా సోడా ఏ నూనెతోనూ కలవకుండా సబ్బులో మిగిలిపోతుంది. ఆ సబ్బు ఎన్ని వారాలు ఆరబెట్టినా ఒంటికి పనికిరాదు. సరైన లెక్క వేసి ఉంటే వేయాల్సిన సోడా 129.5 గ్రాములు.

దీనికి తిరగేసి చూద్దాం. వేరుశనగ నూనె 250 గ్రాములు తీసేసి కొబ్బరి నూనె పోసి, సోడా మార్చకుండా ఉంచామనుకోండి. ఇప్పుడు కావలసింది 162.8 గ్రాములు, వేసింది 143.5. సూపర్‌ఫ్యాట్ ఐదు శాతం నుంచి పన్నెండు శాతం దగ్గరకు పోయింది. ఇది చర్మాన్ని కాల్చదు. కానీ మిగులు నూనె ఎక్కువై నురుగు మందగిస్తుంది, నిల్వ తగ్గుతుంది.

సోడా ఎక్కువైన మొదటి సబ్బును పారేయనక్కర్లేదు. దాన్ని తురిమి, సన్న సెగ మీద కరిగించి, మరో 110 గ్రాముల వేరుశనగ నూనె కలిపి ఉడికిస్తే లెక్క మళ్లీ ఐదు శాతం సూపర్‌ఫ్యాట్‌కు వస్తుంది. ఆ 110 ఎక్కడిదంటే, వేసిన సోడాకు తగినంత నూనె ఉండాలంటే పూర్తి అవసరం 151.05 కావాలి, ఉన్నది 136.35, తరుగు 14.7. దాన్ని 0.136తో భాగిస్తే 108, అంటే సుమారు 110. ఏ దిద్దుబాటుకైనా ఇదే దారి. సరిపోతుందిలే అని అందాజుగా ఒక గరిటెడు నూనె పోయడం దిద్దుబాటు కాదు.

ఏ నూనె ఏ గుణం ఇస్తుంది

సోడా లెక్క సరిపోయినంత మాత్రాన సబ్బు బాగుంటుందని కాదు. నూనెను మార్చితే గుణమూ మారుతుంది.

కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దానివల్ల సబ్బు గట్టిపడుతుంది, బుడగలు బుడగలుగా నురుగొస్తుంది, మురికిని బాగా వదిలిస్తుంది. మరీ ఎక్కువైతే చర్మంలోని సహజమైన జిడ్డును కూడా లాగేసి పొడిబారుస్తుంది. అందుకే ఒంటి సబ్బులో నూటికి 20 నుంచి 30 వంతులు మంచి కొలత. పూర్తిగా కొబ్బరి నూనెతోనే చేయాలనుకుంటే సూపర్‌ఫ్యాట్‌ను 20 శాతం దాకా పెంచుతారు. వెయ్యి గ్రాముల కొబ్బరి నూనెకు అప్పుడు సోడా 146.4 గ్రాములు. బోరు నీళ్లలో మామూలు సబ్బు నురగని ఊళ్లలో కొబ్బరి సబ్బు నురుగుతుంది. సముద్రపు నీళ్లలోనూ నురిగే గుణం దానికి ఉంది.

పామాయిల్‌లోని పామిటిక్ ఆమ్లం సబ్బుకు గట్టిదనం, నిలిచే నురుగు ఇస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆయిల్‌పామ్ తోటలు విరివిగా ఉన్నాయి కాబట్టి ఇది మనకు పరాయి నూనె కాదు. అయితే మన కొట్లలో వంటకు అమ్మేది ఎక్కువగా పామోలిన్. పామాయిల్‌లోంచి గడ్డకట్టే భాగాన్ని కొంత తీసేయగా మిగిలిన పలుచని భాగం అది. సాప్ వాల్యూ దాదాపు అదే. సబ్బు మాత్రం పుస్తకంలో చెప్పినంత గట్టిగా రాదు. దానికి విరుగుడు పామోలిన్‌ను ఐదు వంతులు పెంచడం, లేదా నీళ్లు కొద్దిగా తగ్గించడం.

ఆలివ్ నూనె గురించి ఒక మాట. సబ్బు పుస్తకాల్లో ఎక్కువ వంటకాలు దాని చుట్టూనే తిరుగుతాయి, ఎందుకంటే ఆ పద్ధతులు మధ్యధరా తీరంలో పుట్టాయి. సిరియాలోని అలెప్పోలో ఆలివ్ నూనెకు లారెల్ కాయల నూనె కలిపి సబ్బు వండి నెలల తరబడి ఆరబెడతారు. ఫ్రాన్స్‌లో 1688 నాటి రాజశాసనం మార్సెయ్ సబ్బులో ఆలివ్ నూనె తప్ప మరో కొవ్వు వాడకూడదని కట్టడి చేసింది. ఎవరి నేలలో పండింది వాళ్లు వాడుకున్నారు. ఆలివ్ నూనె మన దగ్గర ఖరీదైన సరుకు. దాని బదులు పల్లీ నూనె, తవుడు నూనె వాడుకోవచ్చు. వాటిలోనూ చర్మానికి మెత్తదనమిచ్చే ఓలిక్ ఆమ్లం బాగానే ఉంది. కాకపోతే ఆలివ్‌లో అంతగా లేని లినోలిక్ ఆమ్లం వీటిలో ఎక్కువ. అది గాలికి త్వరగా పాడవుతుంది. అందుకని వంటకంలో 40 వంతుల ఆలివ్ నూనె ఉంటే మొత్తం తవుడు నూనెతో నింపకుండా, 25 వంతులు తవుడు నూనె, 15 వంతులు పామోలిన్ వేసుకుంటే సబ్బు గట్టిగానూ ఉంటుంది, నిల్వా ఉంటుంది.

పొద్దుతిరుగుడు నూనెలో లినోలిక్ ఆమ్లం మరీ ఎక్కువ. 15 వంతులు దాటనివ్వకండి. దాటితే కొన్ని నెలలకు సబ్బు మీద నారింజ రంగు మచ్చలు లేస్తాయి, ముట్టుకుంటే అంటుకుంటాయి, కనరు వాసన వస్తుంది. నువ్వుల నూనెనూ పాతిక వంతుల లోపు ఉంచడం మంచిది.

ఆముదానిది ప్రత్యేకమైన స్వభావం. అందులో నూటికి 85 వంతులకు పైగా రిసినోలిక్ ఆమ్లం. అది నురుగును నిలబెడుతుంది. ఐదు నుంచి పది వంతులు చాలు. అంతకు మించితే సబ్బు జిగురుగా, మెత్తగా వస్తుంది. ఆముదం పడిన మిశ్రమం త్వరగా చిక్కబడుతుంది కూడా. వేప నూనెకు ఘాటు వాసన కాబట్టి ఐదు నుంచి పది వంతుల్లోనే ఉంచుకోవాలి. ఏ సువాసన కలిపినా ఆ వాసన పూర్తిగా అణగదు. ఏజెన్సీ ప్రాంతాల్లో దొరికే ఇప్ప నూనె చల్లటి వేళ గడ్డకట్టే రకం. పామోలిన్‌లో కొంత భాగానికి బదులుగా దాన్ని వేస్తే సబ్బుకు మంచి బిగువు వస్తుంది.

సీసా మీద ఏముందో చదవండి

లెక్కంతా సరిగ్గా వేసినా సబ్బు మండుతోందంటే తప్పు సరుకులో ఉండవచ్చు. తలకు రాసుకునే నూనెల్లో కొన్నిటి సీసా మీద మినరల్ ఆయిల్ అనో లిక్విడ్ పారాఫిన్ అనో సన్నని అక్షరాల్లో ఉంటుంది. అది పెట్రోలియం నుంచి వచ్చింది, సోడాతో కలవదు. పేరులో కొబ్బరి ఉన్నంత మాత్రాన అది కొబ్బరి నూనె కాదు. అలాంటి సీసాలో సగం మినరల్ ఆయిల్ ఉంటే దాని కోసం లెక్కవేసిన సోడాలో సగం సబ్బులో ఖాళీగా మిగిలిపోతుంది. సబ్బుకు వంటకు పనికొచ్చే నూనె, గానుగ నూనె మాత్రమే తీసుకోండి. రెండు నూనెలు కలిపి అమ్మే వంట నూనెలూ ఉన్నాయి. ఏది ఎంత శాతమో ప్యాకెట్టు మీద చూసి దాని ప్రకారం లెక్క వేయాలి.

సోడా విషయంలోనూ అంతే. చాకలి సోడా, వంట సోడా, కాస్టిక్ సోడా మూడూ వేర్వేరు. మొదటి రెండిటితో నూనె ఇలా సబ్బు కాదు. డ్రైనేజీ గొట్టాలు శుభ్రం చేయడానికి అమ్మే పొడుల్లో ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి, వాటిని సబ్బుకు వాడకూడదు. కాస్టిక్ సోడా డబ్బా మీద 98 శాతం అని ఉంటే మన లెక్కలో వచ్చిన 143.5ను 0.98తో భాగించి 146.4 గ్రాములు తీసుకోవాలి. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో సోడా గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని బలం కోల్పోతుంది. బిళ్లలు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టి ఉంటే దాన్ని నమ్మి లెక్క వేయకండి.

సోడా నీళ్లు కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలోకే సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఆ నీళ్ల వేడి 80 డిగ్రీలు దాటిపోతుంది. స్టీలు గిన్నె వాడాలి. సత్తు గిన్నె, అంటే అల్యూమినియం, పనికిరాదు. సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే వెనిగర్ కోసం వెతక్కుండా కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలు ఇంట్లో తిరుగుతుండగా ఈ పని పెట్టుకోకండి.

కలిపేవాటిని పనిని బట్టి చూడాలి

పసుపు, పాలు, తేనె, ఉప్పు, మట్టి, పిండి, సువాసన నూనెలు ఇలా జాబితాకు అంతు లేదు. ప్రతిదానికీ ఒక నియమం గుర్తుపెట్టుకోవడం కష్టం. అది సబ్బులో ఏం పని చేస్తుందని అడిగితే చాలు, నియమం దానంతటదే తెలుస్తుంది.

మొదటి ప్రశ్న: ఇది సోడాను తినేస్తుందా? పుల్లగా ఉండే ఏ పదార్థమైనా తింటుంది. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, దీనికి మంచి ఉదాహరణ. కఠినమైన బోరు నీళ్లలో సబ్బు విరిగి బకెట్టు అంచున తెల్లటి పొర కట్టడాన్ని తగ్గించడానికి కొందరు వెయ్యి గ్రాముల నూనెకు పది గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తారు. అది సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది. నీళ్లలోని కాల్షియాన్ని అది పట్టి ఉంచుతుంది. కానీ ఒక గ్రాము నిమ్మ ఉప్పు 0.62 గ్రాముల సోడాను తీసుకుంటుంది. పది గ్రాములు వేస్తే 6.2 గ్రాముల సోడా అదనంగా కలపాలి. కలపకపోతే మన వంటకంలో సూపర్‌ఫ్యాట్ ఐదు నుంచి తొమ్మిది శాతానికి పోతుంది. నిమ్మరసం, మజ్జిగ, వెనిగర్ కూడా ఇదే కోవలోవి. నిమ్మరసంలో సుమారు ఐదు శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి వంద గ్రాముల రసం మూడు గ్రాముల సోడాను మింగుతుంది. ఒంటికి నిమ్మ మంచిదని వేసేవాళ్లు తెలుసుకోవాల్సింది, సబ్బు తయారయ్యాక అందులో పులుపు మిగలదు.

రెండో ప్రశ్న: ఇది వేడి పెంచుతుందా? తీపి ఉన్నవన్నీ పెంచుతాయి. పంచదార, తేనె, బెల్లం, కొబ్బరి పాలు, ఆవు పాలు. పంచదార నురుగును బాగా పెంచుతుంది, అది నిజమే. అర కిలో నూనెకు ఒక చెంచా చాలు, అదీ సోడా వేయకముందే నీళ్లలో కరిగించాలి. తేనె ఎక్కువైతే అచ్చులో పోసిన సబ్బు మధ్యలో ఉబ్బి, పగిలి, పొంగి బయటికి కారుతుంది. తేనె, పాలు వేసిన సబ్బుకు వేడి నిలిచేలా దుప్పటి కప్పకూడదు. మన ఎండాకాలంలో అయితే అచ్చును చల్లటి చోట, ఫ్యాను కింద పెట్టాలి. కొబ్బరి నూనె వాటా ఎక్కువున్న సబ్బుకూ ఇదే జాగ్రత్త.

పాలల్లో నేరుగా సోడా వేస్తే పాలు మాడి గోధుమ రంగుకు తిరిగి వాసన వస్తాయి. సులువైన పద్ధతి ఒకటుంది. లెక్కలోని 287 గ్రాముల నీళ్లను రెండుగా విడగొట్టండి. 144 గ్రాముల నీళ్లలో సోడా కరిగించండి. సోడా పూర్తిగా కరగాలంటే కనీసం దాని బరువంత నీళ్లు కావాలి, అంతకన్నా తగ్గించకూడదు. మిగతా 143 గ్రాముల బదులు చల్లటి పాలను నూనెల్లో కలిపి, తర్వాత సోడా నీళ్లు చల్లారాక పోయండి. పాలను నీళ్లకు బదులుగా పోయాలి, నీళ్లకు అదనంగా కాదు.

మూడో ప్రశ్న: ఇది నీళ్లను తెస్తుందా, పీలుస్తుందా? కలబంద గుజ్జు, బొప్పాయి, కీరా, క్యారెట్ రసం నీళ్లను తెస్తాయి. వాటినీ నీళ్ల లెక్కలోంచే తీసుకోవాలి. మెత్తగా రుబ్బి వడగట్టాలి. ముక్కలు మిగిలితే అవి సబ్బులో నల్లబడి బూజు పడతాయి. ముల్తానీ మట్టి, పెసరపిండి, శనగపిండి నీళ్లను పీలుస్తాయి. వెయ్యి గ్రాముల నూనెకు ఒకటి రెండు పెద్ద చెంచాలు చాలు. ముందే కాసిన్ని నీళ్లలో ముద్దగా కలుపుకుని వేయాలి. పొడిగా చల్లితే ఉండలు కట్టి, కోసిన సబ్బులో చుక్కలుగా కనిపిస్తాయి. సున్నిపిండి గరుకుగా ఉంటే చర్మాన్ని గీరుతుంది. జల్లెడ పట్టిన మెత్తటి పొడే వాడండి.

ఉప్పు వేస్తే సబ్బు త్వరగా గట్టిపడి అచ్చులోంచి సులువుగా వస్తుంది. వెయ్యి గ్రాముల నూనెకు ఒక చెంచా ఉప్పును సోడా వేయకముందే నీళ్లలో కరిగించాలి. ఎక్కువైతే నురుగు తగ్గుతుంది.

నాలుగో ప్రశ్న: రంగు నిలుస్తుందా? ఇక్కడ చాలామంది నిరాశపడతారు. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుందని తెలుగిళ్లలో తెలియనిది కాదు. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది ఆ గుణంతోనే. సోడా నీళ్లు తగలగానే పసుపు ఎరుపు తిరుగుతుంది, సబ్బు ఆరేకొద్దీ నారింజ, ఆవపిండి రంగుల మధ్య నిలుస్తుంది, వెలుతురుకు క్రమంగా వెలుస్తుంది. అర కిలో నూనెకు పావు చెంచా నుంచి అర చెంచా చాలు. ఎక్కువైతే తువాలుకు అంటుతుంది. ఏ సబ్బు అయినా పసుపును ఎర్రబరుస్తుంది కాబట్టి, పసుపు ఎర్రబడింది గనుక నా సబ్బులో సోడా ఎక్కువైంది అనుకోనక్కర్లేదు. మందార పూల పొడి గోధుమ రంగుకు తిరుగుతుంది. వేపాకు, మునగాకు పొడుల పచ్చదనం నెలల్లో వాడిపోతుంది. జాఫ్రా గింజలను నూనెలో నానబెట్టి ఆ నూనెను వాడితే పసుపు నారింజ రంగు బాగా నిలుస్తుంది. బొగ్గు పొడి, మట్టి రంగులు మారవు.

సువాసన నూనెలు వెయ్యి గ్రాముల నూనెకు 20 నుంచి 30 గ్రాములు మించకూడదు. నిమ్మగడ్డి, వట్టివేరు నూనెల వాసన నిలుస్తుంది. నిమ్మ, నారింజ తొక్కల నూనెల వాసన త్వరగా పోతుంది. లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె మిశ్రమాన్ని క్షణాల్లో గట్టిపరుస్తాయి, చర్మాన్నీ మండిస్తాయి. కొత్తగా చేసేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఒంటి మీద చల్లుకునే సెంట్లలో ఆల్కహాల్ ఉంటుంది, దానివల్ల గిన్నెలో సబ్బు ముద్దకట్టిపోతుంది. అగరుబత్తుల కోసం అమ్మే సువాసనలు చర్మం కోసం చేసినవి కావు.

గిన్నెలో కనిపించే గుర్తులు

సోడా నీళ్లు, నూనెలు రెండూ 40 డిగ్రీల దగ్గరకు చల్లారాక కలిపి, హ్యాండ్ బ్లెండర్‌ను ఆపుతూ ఆపుతూ తిప్పండి. మొదట నూనె మెరుపు పైన గీతలుగా కనిపిస్తుంది. తర్వాత రంగు పాలిపోయి అంతా ఒకటవుతుంది. గరిటె ఎత్తి కొద్దిగా జారవిడిస్తే ఆ ధార పడిన జాడ ఒక క్షణం పైన నిలబడి మునిగిపోతుంది. దాన్నే ట్రేస్ అంటారు. మట్టి, పిండి, సువాసన లాంటివి కలపాల్సింది ఆ పలుచటి దశలోనే. జాడ మునగకుండా గుట్టగా నిలిచిందంటే ఆలస్యమైనట్టే, ఇక కలపడం మానేసి అచ్చులో పోసేయండి.

మర్నాడు కోసిన ముక్క మధ్యలో మెరిసే గింజల్లాంటి తెల్లని గుంటలు, లేదా తడి చారలు ఉంటే సోడా సరిగ్గా కలవలేదని అనుమానించాలి. పైన మాత్రమే సన్నటి తెల్లపొడి ఉంటే అది సాధారణంగా గాలితో కలిసి ఏర్పడిన సోడా పొర, గీకేస్తే పోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు గాలి తగిలేలా ఆరబెట్టాలి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో వానాకాలం సబ్బు మీద చెమట బొట్లు కనిపిస్తాయి. అందులోని గ్లిజరిన్ గాలిలోని తేమను పట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది. అది చెడిపోయినట్టు కాదు. ఫ్యాను గాలి తగిలే చోట ఇంకో రెండు వారాలు ఉంచితే చాలు.

మార్చే పద్ధతి

ఒక విడతలో ఒక్క మార్పే చేయండి. కొబ్బరి తగ్గించి, తేనె కలిపి, సువాసన మార్చి, నీళ్లు తగ్గించి చూస్తే సబ్బు బాగా వచ్చినా చెడినా ఏది కారణమో తెలియదు. మొదట ఏమీ కలపని సాదా సబ్బు చేయండి. అది బాగుందని తేలాక నూనె ఒకటి మార్చండి, తర్వాతే పసుపో పాలో కలపండి. కొత్త ప్రయత్నానికి అర కిలో నూనె చాలు. కాటా గ్రాము కన్నా సన్నగా తూచేది కావాలి. గిన్నెల కొలతలు, చెంచాల కొలతలు నూనెకూ సోడాకూ పనికిరావు. తేదీ, ప్రతి నూనె బరువు, సోడా, నీళ్లు, కలిపినవి, ట్రేస్‌కు పట్టిన సమయం, నెల తర్వాత సబ్బు ఎలా ఉందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎవరో ఇచ్చిన వంటకమైనా, పుస్తకంలో అచ్చైనదైనా, సోడా లెక్క మీరే వేసి చూసుకోండి. అచ్చు తప్పులు అందరి పుస్తకాల్లోనూ ఉంటాయి.

ఈ సబ్బును అమ్మాలనుకుంటే సంగతి వేరు. ఒంటి సబ్బు మన చట్టంలో సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్సు తీసుకోవాలి.

ఇంట్లో వాడుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి మాత్రం రెండే. నూనె ఏది మారినా సోడా లెక్క మళ్లీ మొదటి నుంచి వేయండి. ఏది కలిపినా అది సోడాను తింటుందా, వేడి పెంచుతుందా, నీళ్లను మారుస్తుందా, రంగు నిలుస్తుందా అని ముందే అడగండి. ఆ సమాధానాలు కాగితం మీదికి వచ్చాకే సోడా డబ్బా మూత తీయండి.